48 గంటలు, ఒక వాట్సాప్ మెసేజ్, 47,500 డాలర్లు: ఒక ఫ్లూ షాట్ కేసు ఎలా సెటిలైంది

2022 ఆగస్టు 20, శనివారం మధ్యాహ్నం. న్యూజెర్సీ ఎడిసన్‌లో క్లయింట్ వాళ్ళ ఇల్లు. ఫ్లూ ఇంజక్షన్ తర్వాత ఎడమ భుజం నొప్పి పట్టుకుందని లాయర్‌నైన నన్ను పిలిచారు. డైనింగ్ టేబుల్ మీద గుంటూరు బట్టల షాపు సంచి ఒకటి పెట్టారు, దాని నిండా కాగితాలే. ఎంఆర్‌ఐ రిపోర్టు, ఫిజియోథెరపీ షీట్లు, ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన లెక్కలు, మందుల బిల్లులు, అన్నిటికంటే అడుగున నాలుగు మడతలు పెట్టిన ఒక ఓపీ చీటీ. "ఇవన్నీ తర్వాత చూద్దురుగాని, ముందు కాఫీ తాగండి" అన్నారావిడ. కాఫీ కంటే ముందు నేను ఒక్క మాట అడిగాను. ఇంజక్షన్ ఏ రోజు చేయించుకున్నారు?

2019 అక్టోబర్ 12.

మనసులో లెక్క వేసుకున్నాను. ఇంకా 53 రోజులే ఉంది.

అమెరికాలో వ్యాక్సిన్ వల్ల హాని జరిగిందని క్లెయిమ్ వేయాలంటే మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి మూడేళ్ళే గడువు. నొప్పికి కారణం ఎప్పుడు తెలిసిందన్నది కాదు, నొప్పి ఎప్పుడు మొదలైందన్నదే లెక్క. క్లోయర్ అనే డాక్టరు గారు తన కేసులో దీని మీద గట్టిగానే పోరాడారు. కానీ 2011లో ఫెడరల్ సర్క్యూట్ అనే అప్పీళ్ళ కోర్టు ఫుల్ బెంచ్, కారణం తెలియక ఆలస్యమైందన్నంత మాత్రాన గడువు జరగదని తేల్చేసింది. మా క్లయింట్‌కి ఇలాంటి చట్టం ఒకటుందన్న సంగతే పక్కింటి ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి చెప్పేదాకా తెలియదు. నిజానికి టీకా వేసే ముందు చేతిలో పెట్టే కాగితంలో చివర ఈ పథకం పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఎవరు చదువుతారు? ఈ పనిలోకి వచ్చేదాకా నేనూ చదవలేదు.

ఈ కేసు గురించి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. పేర్లు పెట్టడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. తేదీల మధ్య దూరాలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే కేసంతా వాటి మీదే నడిచింది.

ఎవరి మీద కేసు?

ఆవిడ భర్త మొదట అడిగింది గ్రీన్‌కార్డు గురించి. "గవర్నమెంట్ మీద కేసంటున్నారు, రేపు మా ఫైల్‌కి ఏమైనా ఇబ్బంది అవుతుందా?" హెచ్‌1బీ మీద ఉన్న ఏ ఇంట్లోనైనా ఇదే మొదటి టెన్షన్. నేను చెప్పింది ఇదీ: ఈ చట్టంలో పౌరసత్వం షరతు లేదు, టీకా అమెరికాలో వేయించుకుంటే చాలు. పిటిషన్‌లో వీసా ఊసే రాదు.

1980లలో డీపీటీ టీకా మీద కేసులు గుట్టలు గుట్టలుగా పడి, కంపెనీలు ఒక్కొక్కటే తయారీ మానుకుంటుంటే, 1986లో అమెరికన్ కాంగ్రెస్ ఒక మధ్యేమార్గం చట్టం చేసింది. కంపెనీనో, ఇంజక్షన్ చేసినవాళ్ళనో నేరుగా కోర్టుకి లాగే ముందు ఈ పథకంలోనే క్లెయిమ్ వేసుకోవాలి. దీన్ని అందరూ వీఐసీపీ అంటారు, 1988 అక్టోబర్ నుంచి నడుస్తోంది. డబ్బు ఒక ట్రస్ట్ ఫండ్ నుంచి వస్తుంది. ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల చొప్పున వేసే పన్నే ఆ ఫండ్. ఫ్లూ షాట్‌కి 75 సెంట్లు, మూడు జబ్బుల ఎంఎంఆర్‌కి 2.25 డాలర్లు. ప్రతివాది స్థానంలో కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి పదవి ఉంటుంది. వాదించేది జస్టిస్ డిపార్ట్‌మెంట్ లాయర్లు. వాషింగ్టన్‌లోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లో స్పెషల్ మాస్టర్లు తీర్పు చెబుతారు. జ్యూరీ ఉండదు. ఎవరి నిర్లక్ష్యమో రుజువు చేయనక్కర్లేదు. పడ్డ బాధకి, పడబోయే బాధకి కలిపి ఇచ్చే పరిహారం మాత్రం 250,000 డాలర్లు దాటకూడదు.

"మరి మీ పర్సంటేజీ ఎంత?" అన్నారు తర్వాత. సున్నా అన్నాను. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉచితం అనగానే మనవాళ్ళకి అనుమానం రెట్టింపవుతుంది, తప్పు లేదు. ఈ పథకంలో లాయర్ ఫీజు క్లయింట్ దగ్గర తీసుకోకూడదని చట్టమే చెబుతుంది. గంటల లెక్క కోర్టుకి ఇస్తే, స్పెషల్ మాస్టర్ అందులో కోసేది కోసి, మిగతాది ఫండ్ నుంచి ఇప్పిస్తారు. కేసు ఓడినా సరే, నమ్మకంతో, తగిన ఆధారంతో వేసిన కేసైతే ఫీజు వస్తుంది. ఆ సెక్షన్ ఫోన్‌లో తీసి చూపించాక గానీ కాఫీ రెండో కప్పు రాలేదు.

భుజంలో ఏం జరిగింది

ఆ రోజు ఫార్మసీలో ఆవిడ కుర్చీలో కూర్చున్నారు, ఇంజక్షన్ చేసే అమ్మాయి నిలబడి ఉంది. చలికి వేసుకున్న స్వెటర్ చెయ్యి పైకి మడవడం కుదరక, మెడ దగ్గర నుంచి పక్కకి లాగి, బయటపడిన చోట పొడిచింది. కాగితాలన్నీ చూడకముందే నాకు కేసు ఇక్కడే కనిపించింది. మెడ దగ్గర నుంచి బట్ట లాగితే కనిపించేది భుజం పై కొన. ఇంజక్షన్ చేయాల్సింది ఆ కొన ఎముకకి రెండు మూడు వేళ్ళ కింద, కండ దట్టంగా ఉన్నచోట. మరీ పైన పొడిస్తే సూది కండలోకి పోకుండా, ఎముక కింద రాపిడి తగ్గించడానికి ఉండే బర్సా అనే పల్చటి సంచిలోకి దిగుతుంది. టీకా పని చేసేదే శరీరాన్ని రెచ్చగొట్టి. కండలో అయితే ఆ రెచ్చగొట్టడం రెండు రోజుల నొప్పితో పోతుంది. కీలు పక్కన పడితే వాపు నెలల తరబడి ఉండిపోవచ్చు.

దీన్ని సిర్వా అంటారు. 2010లో 13 మంది రోగుల అనుభవంతో ఒక వైద్య పత్రం వచ్చాక దీని మీద దృష్టి పడింది. 2017 మార్చిలో వ్యాక్సిన్ ఇంజురీ టేబుల్‌లోకి ఎక్కించారు. టేబుల్‌లో ఉన్న గాయమైతే, షరతులు సరిపోతే చాలు, టీకా వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. లేకపోతే 2005 నాటి ఆల్థెన్ తీర్పులో చెప్పినట్టు వైద్య సిద్ధాంతం, కార్యకారణ క్రమం, సమయం కుదరడం, ఈ మూడూ నిపుణులతో రుజువు చేసుకోవాలి. అది వేరే యుద్ధం, వేరే ఖర్చు. 2021 జనవరిలో సిర్వాని టేబుల్ నుంచి తీసేస్తూ ఒక రూలు కూడా వచ్చింది. ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేశారు, లేకపోతే ఈ కథ వేరేలా ఉండేది.

టేబుల్ షరతులు చూడ్డానికి చిన్నవే. ఆ భుజానికి అంతకుముందు ఇలాంటి జబ్బు ఉండకూడదు. ఇంజక్షన్ చేసిన 48 గంటల్లో నొప్పి మొదలవ్వాలి. నొప్పి, చెయ్యి కదలకపోవడం ఆ భుజానికే పరిమితమై ఉండాలి. వేరే కారణమేదీ దాన్ని వివరించేలా ఉండకూడదు. వీటితో పాటు చట్టంలో ఇంకో మెలిక: బాధ ఆరు నెలలకి మించి ఉండాలి. ఆరు నెలల షరతే కదా, మూడేళ్ళ నుంచి పడుతున్నారు కదా అని మొదట నేను దాన్ని తేలిగ్గా తీసుకున్నాను. తర్వాత అక్కడే ఎదురుదెబ్బ తగిలింది.

ఒక్కచోట అదృష్టం కలిసొచ్చింది. ఫార్మసీ రికార్డులో "ఎడమ" అనే ఉంది. ఇలాంటి కేసుల్లో కంప్యూటర్ ముందే ఒక చెయ్యి ఎంచి పెట్టి ఉండటం, అమ్మాయి మార్చకపోవడం, తర్వాత ఏ చెయ్యో తేల్చడానికే ఆర్నెల్లు పట్టడం మామూలే. రికార్డు కోసం ఫోన్ చేస్తే అక్కడి మేనేజర్ "మా మీద కేసా?" అని మూడుసార్లు అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఈ కేసులో ఆ సామెతకి ఇంతకంటే సరైన చోటు దొరకదు.

నాలుగు తేదీలు

సెప్టెంబర్ 26న 402 డాలర్ల ఫీజు కట్టి పిటిషన్ వేసేశాను. గడువు ముంచుకొస్తోంది కాబట్టి ముందు పిటిషన్, తర్వాత రికార్డులు. టీకాకి మూడేళ్ళ ముందు నుంచి ఇప్పటిదాకా ఉన్న వైద్య రికార్డులన్నీ తెప్పించి, వరుసలో పెట్టి చూస్తే బండి ఎక్కడ దిగబడుతుందో తెలిసింది.

2019 అక్టోబర్ 12: ఇంజక్షన్. నవంబర్ 20: ఫ్యామిలీ డాక్టర్ దగ్గర థైరాయిడ్ చెకప్. రికార్డులో భుజం మాటే లేదు, పైగా "ఎముకలు, కండరాలు: ఫిర్యాదు లేదు" అని ఉంది. డిసెంబర్ 16: నాన్నగారి సంవత్సరీకాలకి గుంటూరు వెళ్ళినప్పుడు అక్కడి ఆర్థోపెడిక్ డాక్టర్. 2020 జనవరి 27: ఇక్కడ మళ్ళీ ఆర్థో డాక్టర్, "ఎడమ భుజం నొప్పి, 2 నెలలుగా" అని రాత.

రెండు నెలలుగా అంటే నవంబర్ చివర. 48 గంటలు ఎక్కడ, ఆరు వారాలు ఎక్కడ?

"నవంబర్‌లో డాక్టర్‌కి ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను. ఆవిడ కాస్త సిగ్గుపడ్డారు. "థైరాయిడ్ కోసం వెళ్ళి భుజం గురించి కూడా చెబితే రెండో సమస్య అని ఇంకో బిల్లు వేస్తారేమో అనుకున్నా. మాది ఎక్కువ డిడక్టిబుల్ ప్లాన్, ముందు కొంత మొత్తం దాకా బిల్లులు మనమే కట్టుకోవాలి. ఎలాగూ నెలలో ఇండియా వెళ్తున్నాం కదా, అక్కడ చూపించుకుందామని." ఈ మాట నేను కనీసం పది ఇళ్ళలో విన్నాను. తెలుగువాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. వాషింగ్టన్‌లో ఉన్న లాయర్‌కి వివరించాలి, అందుకే అఫిడవిట్‌లో డబ్బు భయాన్ని దాచకుండా రాయించాను. 'ఫిర్యాదు లేదు' అన్న గడి సంగతి వేరు. అది డాక్టర్ టైపు చేసింది కాదు, థైరాయిడ్ చెకప్‌కి కంప్యూటర్ తనంతట తాను నింపే పేజీ. 2021లో కిర్బీ తీర్పులో ఫెడరల్ సర్క్యూట్ ఒక మంచి మాట చెప్పింది: వైద్య రికార్డులో రోగి బాధలన్నీ పూర్తిగా ఉంటాయని ముందే అనుకోవడానికి వీల్లేదు. ఆ తీర్పు నాకు ఊతకర్ర.

గుంటూరు చీటీ దగ్గర ఇంకో తమాషా. కోర్టుకి కావలసింది ఆసుపత్రి ధ్రువీకరించి ఇచ్చిన రికార్డు. మన దగ్గర ఓపీలో చూపించుకుంటే ఫైలు మన చేతికే ఇచ్చేస్తారు, డాక్టర్ దగ్గర ఏమీ మిగలదు. "రికార్డ్స్ డిపార్ట్‌మెంట్‌కి లెటర్ పంపండి" అని మా ఆఫీసు కుర్రాడు పంపిన ఈమెయిల్ చూసి ఆ క్లినిక్ కాంపౌండర్ నవ్వుకుని ఉంటాడు. చివరికి ఆ డాక్టరు గారే తన లెటర్‌హెడ్ మీద, ఓపీ రికార్డులు రోగి దగ్గరే ఉంటాయని, ఈ చేతిరాత తనదేనని రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఒక్క రూపాయి అడగలేదు. ఆ చీటీలో సిరా వెలిసిన ఒకే ఒక్క పంక్తి: ఎడమ భుజం నొప్పి, ఫ్లూ ఇంజక్షన్ నుంచి, 2 నెలలు. డిసెంబర్ 16కి రెండు నెలలు వెనక్కి వెళ్తే అక్టోబర్ మధ్య. అప్పటికి కేసు లేదు, లాయర్ లేదు, పథకం గురించి తెలియదు. డబ్బు ఆశతో రాయించిన మాట అనడానికి వీల్లేని కాగితం. ఇక జనవరిలో అమెరికన్ డాక్టర్ దగ్గర అదే "రెండు నెలలు" ఎలా వచ్చిందంటే, ఆవిడ చీటీలో ఉన్నది చూసి చెప్పారు. అంతే.

చెల్లెలి ఫోన్

ఆవిడ పాత ఫోన్ 2021లో పాడైంది, చాట్లన్నీ పోయాయి. గుంటూరులో చెల్లెలి ఫోన్‌లో మాత్రం ఉన్నాయి. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, 2019 అక్టోబర్ దాకా వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి స్క్రీన్‌షాట్లు తీయమన్నాను. అరగంట తర్వాత వచ్చింది మొదటిది.

"నిన్న ఇంజక్షన్ చేసిన చెయ్యి తెగ పీకుతోందే. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయా. ఇవాళ జడ కూడా ఆయన వేశారు, నవ్వకు."

కింద చెల్లెలు పెట్టిన నవ్వుల బొమ్మలు ఆరు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. ఉత్సాహంలో ఆ స్క్రీన్‌షాట్‌ని, నేనే చేసిన అనువాదంతో సహా ఫైల్ చేసేశాను. అవతలి లాయర్ వెంటనే రెండు ప్రశ్నలు వేశారు. మెసేజ్ మీద అక్టోబర్ 14 అని ఉంది, అందులో "నిన్న" అంటున్నారు, అంటే ఇంజక్షన్ 13న చేశారా? ఇక ఈ అనువాదకుడెవరు? మొదటిదానికి జవాబు సులువు: చెల్లెలి ఫోన్‌లో 14 ఉదయం 7:10 అంటే ఎడిసన్‌లో 13 రాత్రి 9:40. ఇంజక్షన్ 12 సాయంత్రం నాలుగింటికి. 30 గంటలు కూడా దాటలేదు. కానీ అది ముందే రాసి పెట్టాల్సింది నేను. అనువాదం కూడా కేసుతో సంబంధం లేని అనువాదకుడితో, ధ్రువీకరణతో చేయించాల్సింది. ఈ రెండూ సరిదిద్దడానికి రెండు నెలలు పోయాయి.

అనువాదకుడు "పీకుతోంది"కి ఇంగ్లీషులో లాగడం అనే అర్థం వచ్చే మాట వేసి పంపాడు. కండరం లాగిందంటే బెణుకు అనుకుంటారు, బెణుకైతే టీకా ఎందుకు? మళ్ళీ కూర్చున్నాం. మనకి నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఆ రోజు లెక్కపెట్టాం. పోటు వేరు, సలుపు వేరు, పీకుడు వేరు, లాగుడు వేరు. లోపల నుంచి ఆగకుండా తొలిచే నొప్పి అని ఒక ఫుట్‌నోట్‌తో సర్దుకున్నాం. అంతకంటే పెద్ద తలనొప్పి "తిమ్మిరి" అన్న మాట. జనవరిలో ఆవిడ ఆర్థో డాక్టర్‌తో చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది అన్నారట. ఆయన చేతి కిందిదాకా జివ్వుమంటోంది అని రాసుకున్నాడు. జివ్వుమనడం చేతి కిందిదాకా ఉంటే అది భుజానిది కాదు, మెడ నరానిది అని ప్రభుత్వం అనొచ్చు, అన్నది కూడా. ఆవిడ ఉద్దేశం చెయ్యి బరువుగా, మొద్దుగా ఉందని. అదే రోజు మెడ పరీక్షలో తేడా లేదని ఆ డాక్టరే రాసి ఉండబట్టి బయటపడ్డాం.

రెండో స్క్రీన్‌షాట్ నాకు మొదటిదానికంటే ఇష్టం. అక్టోబర్ 27, దీపావళి. "దేవుడి అలమర పై అరలో దీపం పెట్టలేక మీ బావ చేత పెట్టించా. చెయ్యి లేవట్లేదు." ఫ్లూ షాట్ వేయించుకున్న ఎవరికైనా రెండు రోజులు చెయ్యి నొప్పిగానే ఉంటుంది. పదిహేను రోజులకి కూడా దీపం పెట్టలేకపోవడం మామూలు నొప్పి కాదు. మొదటి మెసేజ్ 48 గంటలకి, రెండోది ఆ నొప్పే కొనసాగిందనడానికి.

ప్రభుత్వం ఏమంది

అవతలి పక్క జవాబు రిపోర్టు రావడానికి 2024 జూన్ దాకా ఆగాలి. ఆరోగ్య శాఖ డాక్టర్లు చూడాల్సిన ఫైళ్ళు అంత పేరుకుపోయి ఉన్నాయి. ఈ మధ్యలో ఆవిడ నాకు నెలకోసారి ఫోన్ చేసి "ఏమైనా వచ్చిందా అండీ?" అనేవారు. నేను "ఇంకా లేదండీ" అనేదాన్ని. మా ఇద్దరికీ అలవాటైపోయింది.

రిపోర్టు మర్యాదగానే కాదంది. నవంబర్ 20 రికార్డు, జనవరి 27 నాటి "2 నెలలు", తిమ్మిరి, ఈ మూడూ నేను ఎదురుచూసినవే. నాలుగోది ఆరు నెలల షరతు. అక్టోబర్ 12 నుంచి ఆరు నెలలంటే 2020 ఏప్రిల్ 12. ఫిబ్రవరిలో ఒక స్టెరాయిడ్ ఇంజక్షన్, తొమ్మిది ఫిజియోథెరపీ సెషన్లు. మార్చి 13 తర్వాత లాక్‌డౌన్. క్లినిక్ మూసేశారు. మళ్ళీ ఆగస్టు దాకా భుజానికి వైద్యమే లేదు. మార్చికే తగ్గిపోయి, ఆగస్టులో కొత్తగా వచ్చి ఉండొచ్చు కదా అన్నది వాళ్ళ వాదన. చివరి ఫిజియో షీట్‌లో "40 శాతం మెరుగు" అని కూడా ఉంది.

దీనికి జవాబు దారి ఆ బట్టల షాపు సంచిలోనే దొరికింది. ఇన్సూరెన్స్ లెక్కల్లో మే 6న ఒక వీడియో విజిట్ బిల్లు కనిపించింది, అదీ థైరాయిడ్ మందుల కోసమే. ఆ రికార్డు తెప్పిస్తే చివర్లో ఒక వాక్యం: భుజానికి ఇంట్లో చేసే వ్యాయామాలు కొనసాగిస్తున్నారు, ఎత్తితే నొప్పి ఉంది. నవంబర్‌లో బిల్లు భయంతో చెప్పని మనిషి, వీడియో విజిట్‌కి కో-పే, అంటే మన చేతి నుంచి కట్టే వాటా, లేదని తెలిసి మేలో చెప్పారు! దాంతో ఆరు నెలల గండం చాలావరకు గట్టెక్కింది.

బేరం

ఇక రెండు దారులు. మొదటిది, నొప్పి ఎప్పుడు మొదలైందో తేల్చమని స్పెషల్ మాస్టర్‌ని అడగడం. గెలిస్తే తర్వాత పరిహారం మీద ఇంకో వాదన, ఇంకో ఏడాదో ఏడాదిన్నరో. ఓడితే టేబుల్ పోతుంది, నిపుణులతో ఆల్థెన్ దారి పట్టాలి, లేదా చేతులెత్తేయాలి. రెండోది, ఇప్పుడే రాజీ.

నేను ఆవిడకి చెప్పిన అంచనా: గెలిచే అవకాశం పదికి ఆరు, ఆరున్నర. ఆపరేషన్ లేదు, రెండు స్టెరాయిడ్ ఇంజక్షన్లు, రెండు దేశాల్లో కలిపి 26 ఫిజియో సెషన్లు, ఏడాదిన్నరకి ఎక్కువ భాగం కోలుకున్నారు. ఇలాంటి పాత తీర్పులు ముందు పెట్టుకుని, నొప్పి తీవ్రత, ఎంతకాలం, మనిషి రోజువారీ బతుకు మీద ఎంత పడింది అన్నవి చూస్తే, గెలిచిన కేసుకి 70 వేల డాలర్ల పైన అడగడం అత్యాశ కాదు. దాన్ని ఓడే అవకాశంతో, ఎదురుచూపుతో తగ్గించుకుంటే 40లలోకి వస్తుంది. ఈ లెక్క ఎక్కడా పుస్తకంలో ఉండదు. అవతలి లాయర్ కూడా తన బల్ల దగ్గర ఇదే లెక్క వేసుకుంటారని మాత్రం తెలుసు.

92,000 దగ్గర మొదలుపెట్టాను, చేతి నుంచి పెట్టుకున్న 1,860 డాలర్ల ఖర్చు కలిపి. వాళ్ళు 25,000 అన్నారు. మా 80కి వాళ్ళ 35. ఆ తర్వాత మూడు వారాలు నిశ్శబ్దం. క్లయింట్ భర్త "మనం ఎక్కువ అడిగి కోపం తెప్పించామా?" అన్నారు. కోపం ఏమీ కాదు, ఆ లాయర్‌కి పై అనుమతులు కావాలి. మేము 65కి దిగాం, వాళ్ళు 42,500కి ఎక్కారు. నేను దీపావళి మెసేజ్, మే 6 రికార్డు పక్కపక్కన పెట్టి ఒకే పేజీ లెటర్ రాశాను, అంతకంటే వాదించలేదు. 2024 నవంబర్‌లో 47,500 దగ్గర ఆగింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రాజీ పత్రం డ్రాఫ్ట్ వచ్చాక అదే డైనింగ్ టేబుల్ దగ్గర చదివి వినిపించాను. ఆవిడకి సిర్వా వచ్చిందని గానీ, టీకా వల్ల హాని జరిగిందని గానీ ప్రతివాది ఒప్పుకోవడం లేదు, అయినా ఎవరి వాదన వాళ్ళు ఉంచుకుంటూనే రాజీకి వస్తున్నాం అని అందులో ఉంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేరా మళ్ళీ చదివారు.

"అంటే నేను అబద్ధం చెప్పానని కదా?"

"కాదండీ."

"మరి డబ్బెందుకు ఇస్తున్నారు?"

ఊళ్ళో గట్టు తగాదా పెద్దమనుషుల దగ్గర తెగినప్పుడు, గట్టు ఎవరు జరిపారో కాగితంలో రాయరు, ఇకమీదట గట్టు ఎక్కడుంటుందో రాస్తారు. అదే చెప్పాను. ఆవిడకి అర్థమైంది గానీ నచ్చలేదు. "నా జడ మా ఆయన వేసిన రోజులు వాళ్ళకి ఎలా తెలుస్తాయి" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. సంతకానికి నాలుగు రోజులు తీసుకున్నారు. నేను తొందరపెట్టలేదు. ఒప్పుకోలు కావాలనుకుంటే మొదటి దారి ఇంకా తెరిచే ఉందని కూడా చెప్పాను.

ఈలోపు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "వ్యాక్సిన్ హాని నిజమేనని అమెరికా గవర్నమెంట్ ఒప్పుకుంది, మన వాళ్ళకే డబ్బు వచ్చింది" అని పెట్టేశారు. ఒప్పుకోలేదు అన్న పేరా చదివి ఏడ్చిన మనిషి ఇంటి పక్కనే ఈ మెసేజ్! ఈ పథకంలో ఇచ్చే పరిహారాల్లో దాదాపు 60 శాతం ఇలాంటి రాజీలే, టీకాయే కారణమని ఆరోగ్య శాఖ తేల్చనివి. మొత్తమ్మీద పంపిణీ అయిన ప్రతి పది లక్షల డోసులకి సుమారు ఒక మనిషి పరిహారం పొందారు. మా కేసులో కూడా గొడవ సీసాలో ఉన్న మందుతో కాదు, సూది దిగిన చోటుతో. ఇంకొకాయన ఫోన్ చేసి కోవిడ్ టీకాకి ఇలాగే వేద్దామన్నారు. అది ఈ పథకంలో లేదు. సీఐసీపీ అని వేరే ఉంది, టీకా వేయించుకున్న ఏడాదిలోపు అడగాలి, కోర్టు లేదు, బాధకి పరిహారం లేదు, లాయర్ ఫీజు లేదు. ఆయనకి గడువు ఎప్పుడో దాటిపోయింది.

గుంటూరు నుంచి ఆవిడ అన్నయ్య అడిగింది వేరే. "మన దగ్గరైతే ఏం చేసేవాళ్ళమమ్మా?" మన దగ్గర టీకా తర్వాత వచ్చే ఇబ్బందులని నమోదు చేసే వ్యవస్థ ఉంది, క్లినికల్ ట్రయల్‌లో హాని జరిగితే 2019 నిబంధనల కింద పరిహారం ఉంది. మామూలుగా వేసే టీకాకి మాత్రం అప్పటికి ఇలాంటి ఫండ్ పెట్టలేదు. కోవిడ్ టీకా మరణాల కేసులో 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టుకి ఇచ్చిన అఫిడవిట్‌లో కేంద్రం, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు అంది. ఆయన "గుంటూరు సివిల్ కోర్టు సంగతి నాకు చెప్పకు" అని ఫోన్ పెట్టేశారు. ఆయన పొలం కేసు పద్నాలుగో ఏడు నడుస్తోంది.

డబ్బు వచ్చిన రోజు

అవతలి పక్క పెద్దల అనుమతులు వచ్చి, ఇద్దరి సంతకాలతో రాజీ పత్రం దాఖలవడానికి 2025 మార్చి అయింది. వారంలో స్పెషల్ మాస్టర్ ఆర్డరు. ఆ ఆర్డరు కోర్టు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది, పేరుతో సహా. వైద్య వివరాలు తీసేయమని అడగడానికి 14 రోజులు టైం ఉంటుంది, అడిగినంత మాత్రాన ఇవ్వరు. ఈ విషయం మొదటి రోజే చెప్పాను, మళ్ళీ చెప్పాను. ఆవిడ గూగుల్‌లో తన పేరు కొట్టి చూసుకుని, "ఈ పేరుతో న్యూజెర్సీలో కనీసం ఇరవై మంది ఉన్నారు, వదిలేయండి" అన్నారు.

అప్పీలుకి వెళ్ళబోమని రెండు పక్కలా రాసి ఇచ్చాక జడ్జిమెంటు ఎంట్రీ అయింది. జూన్‌లో డబ్బు మా ట్రస్ట్ అకౌంట్‌లో, అంటే క్లయింట్ల డబ్బు ఉంచే ఖాతాలో పడింది, రెండు రోజుల్లో ఆవిడకి పంపేశాను. పైసా తగ్గలేదా అని భర్త బ్యాంకు మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేసి మరీ సరిచూసుకున్నారు. ఆ అక్టోబర్‌లో ఆవిడ మళ్ళీ ఫ్లూ షాట్ వేయించుకున్నారు, ఈసారి కుడి చేతికి, చేతుల్లేని జాకెట్టు వేసుకెళ్ళి. వేసే అమ్మాయిని కూడా కుర్చీలో కూర్చోమన్నారట.

నా ఫీజు దరఖాస్తు అప్పటికింకా పెండింగే. ఒకరోజు గుంటూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. మూడేళ్ళ క్రితం నేను ఆ చాట్ చెరపొద్దని, ఫోన్ మార్చొద్దని గట్టిగా చెప్పి ఉన్నాను. పాపం, స్క్రీన్ పగిలినా అదే వాడుతోంది.

"మేడం, స్టోరేజీ నిండిపోయింది. అక్క కేసు అయిపోయిందిగా, ఇప్పుడైనా డిలీట్ చేసుకోవచ్చా?"

ఫీజు ఆర్డరు వచ్చేదాకా ఉంచమన్నాను.